టైల్స్ ఆల్రెడీ ఉన్న గదిలో స్కర్టింగ్ బిగించుకోవాలంటే

కొత్త ఇల్లైతే గొడవ లేదు, ఫ్లోరింగు, స్కర్టింగు (గోడ అడుగున నేల వెంట కొట్టే పట్టీ), పెయింటు అన్నీ ఒక వరసలో పడిపోతాయి. రెన్నొవేషన్‌లో అలా కుదరదు. టైల్స్ బానే ఉన్నాయి కదా వాటినెందుకు కదపడం అని ఉంచేస్తాం, గోడలు మాత్రం గీకి పుట్టీ పెట్టి రంగులేస్తాం, ఆ ఊపులో పాత స్కర్టింగ్ పీకి పారేస్తాం, తీరా పీకాక చూస్తే గోడకీ టైల్‌కీ మధ్య నల్లటి సందు, అందులో సిమెంటు పెళ్ళలు, ఒకచోట వేలు దూరుతుంది ఇంకోచోట గోరు కూడా దూరదు. ఆ సందు కనపడకుండా, ఎగుడుదిగుడు టైల్స్ మీద ఒద్దికగా కూర్చునేలా, మూలల్లో నోరు తెరవకుండా చెక్క పట్టీ బిగించాలి, అదీ పని. నేను నాలుగు గదులకి చేశా. మొదటి గది చూస్తే ఇప్పటికీ నాకే చిరాకు, అక్కడ సోఫా అడ్డం పెట్టేశాం. నాలుగోది మాత్రం బానే వచ్చింది.

ముందే చెప్తున్నా, ఈ పనిలో కష్టం రంపం దగ్గర లేదు. మోకాళ్ళ మీద కూర్చుని నేలని చూడ్డం దగ్గర ఉంది. టైల్ ఇక మారదు, గోడా మారదు, మన చేతిలో మారేది పట్టీ ఒక్కటే. కాబట్టి ఎక్కడ టైల్ లేచిందో ఎక్కడ దిగిందో తెలీకుండా పట్టీ కోశారంటే తర్వాత ఫిల్లర్లు పూసుకుంటూ కూర్చోవాల్సిందే.

చూడ్డం ఎలాగంటే, మేస్త్రీలు వాడే అల్యూమినియం బద్ద ఉంటుంది కదా, రెండు మీటర్లది, లేదంటే వంకర లేని ఏ పొడుగాటి పట్టీ అయినా సరే, దాన్ని గోడ పక్కనే టైల్స్ మీద అంచు మీద నిలబెట్టి వెనకనించి టార్చి వెయ్యండి. టైల్ దిగిన చోట కింద వెలుగు కనపడుతుంది. ఆ సందు ఎంతుందో కొలిచి గోడ మీద కాగితం టేపు ముక్క అంటించి దాని మీద రాసెయ్యండి, 2, 4, 1, ఇలా. తర్వాత అదే గోడ వెంట అర మీటరుకోసారి టైల్ అంచుకీ గోడకీ మధ్య దూరం కూడా కొలిచి ఆ టేపు మీదే కింద రాసుకోండి. మొత్తం గదికి అరగంట పడుతుంది. ఈ రెండు అంకెలే మీకు ఎంత మందం పట్టీ కొనాలో, ఎక్కడ అడుగు చెక్కాలో చెప్పేస్తాయి.

మందం సంగతి. పట్టీ ఆ సందుని కప్పి ఇంకో మూడు నాలుగు ఎంఎం అన్నా టైల్ మీదకి రావాలి. అంటే సందు 9 ఎంఎం ఉంటే పట్టీ 12, 13 ఉండాలి. నేను మొదటి గదిలో ఏం చేశానంటే గుమ్మం పక్కన ఒక్కచోట కొలిచి, 8 వచ్చింది, ఇంకేం అనుకుని 12 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసే బోర్డు) పట్టీలు కోయించి తెచ్చేసుకున్నా. తలుపు వెనక మూలలో సందు 17 ఉంది. ఎలక దూరేంత సందు అది, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా అక్కడెప్పుడూ చూళ్ళేదు. పట్టీ పెడితే దాని ముందు నల్లగా 5 ఎంఎం గీత. అప్పటికే సగం గది బిగించేశా.

అలాంటప్పుడు దారి లేకపోలేదు. స్కర్టింగ్ కాళ్ళ దగ్గర ఇంకో సన్న పట్టీ కొడతారు, ముందు వైపు గుండ్రంగా ఉంటుంది, పావు వృత్తం లాగా, షూ మోల్డింగ్ అనీ క్వార్టర్ రౌండ్ అనీ దొరుకుతుంది. షూ అయితే సుమారు 12 ఎంఎం మందం 19 ఎంఎం ఎత్తు, క్వార్టర్ రౌండ్ అయితే రెండు వైపులా 19 దాకా. 12 పట్టీకి 12 షూ తోడైతే మందం 24, అంటే టైల్ మీదకి రావాల్సిన ఆ మూడు నాలుగు ఎంఎం పోను 20 ఎంఎం సందు దాకా మూసుకుపోతుంది. పైగా అది సన్నంది కాబట్టి వంగుతుంది, టైల్ ఎలా పోతే అలా పోతుంది. కొంతమంది ఇది చేతకాని వాళ్ళ పని అంటారు కానీ నేల మరీ గతుకులుంటే ఇంతకన్నా మంచి మార్గం నాకైతే కనపళ్ళేదు. ఒక్కటే, గదిలో ఒక గోడకి వేస్తే అన్ని గోడలకీ వెయ్యాలి, లేపోతే అతుకేసినట్టే ఉంటుంది.

అసలు ఇంకా మందం పట్టీ తెచ్చేస్తే పోలా అంటారా, పోతుంది, కానీ అది గుమ్మం చుట్టూ ఉన్న చెక్క ఫ్రేము కన్నా ముందుకి పొడుచుకొస్తుంది, చూడ్డానికి బాగోదు, తలుపు కూడా పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. కొనేముందు పట్టీ మందంలో ఒక ముక్క పెట్టి తలుపు, అల్మారా తలుపులు, కింది సొరుగులు తగలకుండా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంది, ఆ సందు చూసి చాలామందికి చేతులు దురద పెడతాయి, సిమెంటో గ్రౌటో (టైల్స్ మధ్య గీతల్లో నింపేది) కూరేద్దాం అనిపిస్తుంది. వద్దు. టైల్స్ వేసేవాళ్ళు గోడ దగ్గర ఆ కాస్త ఖాళీ కావాలనే వదుల్తారు, నేల ఎండకి వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, అటూ ఇటూ కదలడానికి చోటు ఉండాలి. గట్టిగా మూసేస్తే టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని గది మధ్యలో గుడారంలా పైకి లేచే ప్రమాదం ఉంది. ఖాళీగా వదిలెయ్యండి, లేదా ఫోమ్ తాడు కూరి పైన సాగే సీలెంట్ వెయ్యండి, అంతే.

పాత స్కర్టింగ్ ఇంకా పీకకపోతే అది కూడా ఒక పద్ధతిలో పీకాలి. పట్టీ పైఅంచుకీ గోడకీ మధ్య ఏళ్ళ తరబడి వేసిన రంగు అతుక్కుని ఉంటుంది, ముందు కట్టర్‌తో ఆ గీత పొడుగునా రెండు సార్లు లాగండి, లేకపోతే పట్టీతో పాటు గోడ మీది పుట్టీ అట్టలు అట్టలుగా ఊడొస్తుంది. తర్వాత పలక గడ్డపార, అదే చదునుగా ఉండే ప్రై బార్, మేకు ఉన్న చోట దూర్చి మెల్లిగా తిప్పాలి, బార్ వెనక గోడకి ఒక ప్లైవుడ్ ముక్క ఆన్చాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ టైల్ మీద ఆన్చి ఎత్తకండి. టైల్ అంచు గాజులాంటిది, టక్కున చిప్పు లేస్తుంది, ఆ చిప్పు కొత్త పట్టీ కిందకి కూడా దాగదు, కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది మన పని. కింద దళసరి అట్ట పరుచుకోండి. రంగు మరీ పాతకాలంది అయితే దాన్ని పొడిగా రుద్దొద్దు, అందులో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము మంచిది కాదు.

పీకేసిన తర్వాత గోడ అడుగున చెయ్యి పెట్టి తడమండి. తప్పకుండా ఎక్కడో ఒకచోట గట్టిపడిన సిమెంటు ముద్దో టైల్ జిగురో ఉబ్బుగా తగులుతుంది. చిన్నదే కదా అని వదిలేశారా, పట్టీ అడుగు అక్కడ ముందుకి తన్నుకొచ్చి పైఅంచు గోడకి అంటుతుంది కానీ పట్టీ మొత్తం వాలినట్టు నిలబడుతుంది, ఇక మూలలో ఏ కోణంలో కోసినా అతకదు. నేను ఒక మూల మూడు సార్లు కోశా, మూడు ముక్కలూ పోయాయి, ఆఖరికి చూస్తే గోడ కింద శనగ్గింజంత సిమెంటు బెడ్డ. ఉలి పెట్టి రెండు దెబ్బలేస్తే పోయింది. గోడ అడుగు నాలుగంగుళాలూ శుభ్రంగా గీకాకే రంపం చేతిలోకి తీసుకోండి.

ఏ పట్టీ తీసుకోవాలంటే, ఎండీఎఫ్ నున్నగా ఉంటుంది, వంకర్లుండవు, రంగు చక్కగా పడుతుంది, కానీ నీళ్ళు తగిల్తే అడుగు ఉబ్బిపోతుంది, ఉబ్బింది మళ్ళీ తగ్గదు. టైల్ నేల అంటేనే రోజూ తడిగుడ్డ పడుతుంది కదా. కాబట్టి ఎండీఎఫ్ వాడితే అడుగు అంచుకీ కోసిన ప్రతి చివరకీ బిగించే ముందే ప్రైమర్ రెండు పూతలు వెయ్యండి, కనపడే ముఖం కన్నా కనపడని అడుగుకే ఎక్కువ అవసరం. బాత్రూం బయట, వంటింట్లో, వాష్ ఏరియాలో మాత్రం పీవీసీ మేలు. అసలు చెక్క అందంగా ఉంటుంది, కానీ ఒంపులు చూసి ఏరుకోవాలి. ఏదైనా సరే తెచ్చిన రోజే బిగించకండి, ఆ గదిలోనే నేల మీద పడుకోబెట్టి రెండ్రోజులు ఉంచండి, అక్కడి తేమకి అలవాటు పడనివ్వండి. కొలతకన్నా పదో వంతు ఎక్కువ తెచ్చుకోండి, మొదటిసారి చేసేవాళ్ళైతే ఇంకాస్త ఎక్కువే.

ఇంకో మాట, రంగు ముందే వేసేసుకోండి. నేల మీద వరసగా పరిచి ప్రైమరూ ఒక కోటు రంగూ కొట్టేస్తే అరగంట పని. బిగించాక టైల్ పక్కన బ్రష్షు పట్టుకుని పాకుతూ వెయ్యడం ఉంది చూశారూ, నడుములు పోతాయి. ఆఖరి కోటు ఒక్కటి తర్వాత వేసుకోవచ్చు.

ఇప్పుడు అడుగు చెక్కడం, దీన్నే స్క్రైబింగ్ అంటారు. ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి, పట్టీ పైఅంచు రసమట్టానికి సరిగ్గా ఉండాలా, నేలతో పాటు పోవాలా. నా మటుకు నేను నేలతోనే పోనిస్తా. గది మొత్తం ఒక వైపుకి వాలి ఉంటే పట్టీ కూడా అలాగే వాలాలి, లేదంటే ఒక చివర ఎత్తుగా ఒక చివర పొట్టిగా కనపడి కంటికి ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. రసమట్టం పెట్టి చూసేది మనమే, వచ్చినవాళ్ళు చూసేది పట్టీకీ టైల్‌కీ మధ్య సందు. అయితే మధ్యమధ్యలో వచ్చే గుంటల్నీ మిట్టల్నీ మాత్రం పట్టీ అనుసరించకూడదు, పైఅంచు తిన్నటి గీతలా ఉండి అడుగు ఒక్కటే నేలకి తగ్గట్టు వంపులు తిరగాలి. సందు ఒకటి రెండు ఎంఎంలే ఉంటే చెక్కనక్కర్లేదు, ఆఖర్న సీలెంట్‌తో పోతుంది. మూడు దాటితే చెక్కాల్సిందే.

పట్టీని పొడుగు కోసేసి దాని చోట్లో నిలబెట్టండి, అది మిట్ట మీద ఆని ఊగుతూ ఉంటుంది, చివరల కింద చిన్న చీలికలు దూర్చి పైఅంచు తిన్నగా వచ్చేలా సర్దండి. ఇప్పుడు కింద అన్నిటికన్నా పెద్ద సందు ఎక్కడుందో చూడండి. అది 5 ఎంఎం అనుకుందాం. స్కూల్ పిల్లల కంపాస్ తీసుకుని ముల్లుకీ పెన్సిల్‌కీ మధ్య సరిగ్గా 5 పెట్టి, ముల్లు టైల్ మీద పెన్సిల్ పట్టీ మీద ఉండేలా ఈ చివర్నించి ఆ చివరకి లాగమని పుస్తకాల్లో ఉంటుంది. టైల్స్ మీద దాంతో ఒక చిక్కు ఉంది. ముల్లు ప్రతి గ్రౌట్ గీతలోనూ దిగిపోతుంది, అక్కడల్లా పెన్సిల్ గీత కూడా గంతేస్తుంది. అందుకని ముల్లు మానేసి, 5 ఎంఎం కన్నా పల్చటి చదునైన ప్లైవుడ్ ముక్క ఒకటి తీసుకుని దాని మీద పెన్సిల్ పడుకోబెట్టి రబ్బరు బ్యాండ్ వేసి, ముక్కని టైల్స్ మీద జారుస్తూ గీత గియ్యండి. పెన్సిల్ మొన ఎత్తు కూడా ఆ లెక్కలోకి వస్తుంది కాబట్టే ముక్క పల్చగా ఉండాలి, నేల మీద పెట్టి మొన సరిగ్గా 5 ఎంఎం ఎత్తులో ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకుంటే సరిపోతుంది. ముక్క గ్రౌట్ గీతల మీదుగా హాయిగా దాటిపోతుంది, గీత కూడా సాఫీగా వస్తుంది. పెన్సిల్ కనపడకపోతే పట్టీ అడుగున కాగితం టేపు అంటించి దాని మీద గియ్యండి.

గీత వచ్చాక చూస్తే పెద్ద సందు ఉన్నచోట గీత పట్టీ అడుగంచుకి తగిలి ఉంటుంది, మిట్ట ఉన్నచోట 5 ఎంఎం పైకి ఉంటుంది. గీత కిందదంతా తీసెయ్యాలి. జిగ్ సా అయితే బ్లేడు పైకి లాగేటప్పుడు కోస్తుంది కాబట్టి పైవైపు రేకులు లేస్తాయి, గీత మీద టేపు ఉంచే కొయ్యండి, లేదా గీత వెనక వైపుకి ఎక్కించుకుని ముఖం కిందకి పెట్టి కొయ్యండి. గీతకి వెంట్రుకవాసి బయటే ఆగి మిగిలింది చిత్రికతోనో ఉప్పు కాగితం చుట్టిన చెక్కతోనో తీసుకోండి. తీసేటప్పుడు కొంచెం వెనక్కి వాలుగా తియ్యండి, అంటే పట్టీ ముందు అంచు టైల్‌ని తాకాలి వెనక భాగం కాస్త పైకి ఉండాలి. వెనక చెక్క ఏ ఇసక రేణువు మీద ఆనినా ముందు సందు కనపడుతుంది, వాలుగా ఉంటే ఆ బాధ ఉండదు, మళ్ళీ కొద్దిగా రుద్దాల్సొచ్చినా ఆ సన్న అంచు ఒక్కటే రుద్దితే చాలు. పెట్టి చూసి, తీసి, రుద్ది, మళ్ళీ పెట్టి, ఇలా రెండు మూడు సార్లు అవుతుంది. విసుగొస్తుంది. కానీయండి.

ఎండీఎఫ్ కోసినా రుద్దినా మాస్కు వేసుకోండి, ఆ పిండి గొంతులోకి పోతే రెండ్రోజులు దగ్గు.

కొలతల దగ్గర ఒక చిట్కా. కొలత టేపు మూలలో వంచి చదివితే ఎప్పుడూ రెండు మూడు ఎంఎం తేడా వస్తుంది. రెండు సన్నటి కర్రలు తీసుకుని ఒకదాని మీద ఒకటి జరుపుతూ ఒక చివర ఈ గోడకి ఇంకో చివర ఆ గోడకి ఆనించి, కలిసిన చోట అడ్డగీత పెట్టి, తీసుకొచ్చి పట్టీ మీద పరిచి గుర్తు పెట్టుకుంటే అసలు అంకెతో పనే లేదు. రెండు గోడల మధ్య ఇరికే ముక్కని ఒక ఎంఎం ఎక్కువే కొయ్యండి, మధ్యలో కాస్త వంచి పెట్టి నొక్కితే టక్కున కూర్చుంటుంది, చివరలు బిగుతుగా ఉంటాయి.

లోపలి మూలలు. చాలామంది రెండు ముక్కలూ 45లో కోసి కలుపుతారు, పెట్టినప్పుడు బాగుంటుంది, మేకు కొట్టగానే పట్టీలు గోడ వైపు లాక్కుని మూల నోరు తెరుస్తుంది. ఇంట్లో మూలలు 90 ఉండవు కాబట్టి అసలే కలవదు. దానికి బదులు ఒక ముక్కని నేరుగా కోసి మూల దాకా తోసెయ్యండి, రెండో ముక్క చివరని మొదటి ముక్క ముఖం ఎలా ఒంపులు తిరిగిందో అలాగే కోసి దానికి ఆన్చండి. కోపింగ్ అంటారు. ముందు రెండో ముక్కని మామూలు లోపలి మూలకి కోసినట్టే 45లో కొయ్యాలి, అప్పుడు ఆ కోతకీ ముఖానికీ మధ్య పట్టీ ఆకారం అంచులా కనపడుతుంది, దాన్ని పెన్సిల్‌తో నల్లగా దిద్ది, సన్న బ్లేడు ఉండే కోపింగ్ రంపంతో ఆ గీత వెంటే, బ్లేడుని వెనక్కి కాస్త వాల్చి కొయ్యండి. మిగిలింది గుండ్రటి ఆకురాయితో. మిగులు ముక్క ఒకటి దగ్గరుంచుకుని దానికి ఆన్చి చూస్తూ ఉండండి. మొదటిది నలభై నిమిషాలు పడుతుంది, అయిదోది అయిదు నిమిషాలు. మీ పట్టీ ఏ డిజైనూ లేని పలక పట్టీ అయితే ఇదంతా అక్కర్లేదు, రెండో ముక్క చివర కొంచెం వెనక్కి వాలుగా కోసి నేరుగా ఆన్చేస్తే చాలు. అందుకే నేను తర్వాతి గదులకి పలక పట్టీలే తెచ్చా, ఒప్పుకుంటున్నా.

ఒకటి గుర్తుంచుకోండి, గుమ్మంలోంచి రాగానే ఎదురుగా కనపడే గోడ పట్టీ ముందు బిగించండి, రెండు చివరలూ నేరుగా కోసి. పక్క గోడలవి వచ్చి దానికి ఆనాలి. అప్పుడు అతుకులో సన్న సందున్నా గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి కనపడదు.

బయటి మూల, అంటే గోడ ముందుకి పొడుచుకొచ్చిన చోట, ఇక్కడ 45 కోతలు తప్పవు. ఇక్కడ నేను ఒక పూటంతా పోగొట్టుకున్నా. మూల కొలిస్తే 92 డిగ్రీలు వచ్చింది. సగం 46 కదా అని రంపం 46కి పెట్టి రెండు ముక్కలూ కోశా. కలపలేదు, ఇంకా పెద్ద సందు. 47కి పెట్టా, ఇంకా ఘోరం. విషయం ఏంటంటే మైటర్ రంపం (కావాల్సిన కోణానికి తిప్పి కోసేది) మీద రాసుండే అంకె నేరు కోత నించి ఎంత పక్కకి తిరిగిందో చెప్తుంది, ముక్క మొన ఎంత కోణమో కాదు. మొన 46 రావాలంటే రంపం 90 లోంచి 46 తీసేసి 44 దగ్గర ఉండాలి. మూల 90 అయినప్పుడు రెండూ 45 కాబట్టి ఈ తేడా ఎప్పుడూ బయటపడదు. మూల విప్పారి ఉంటే రంపం అంకె తగ్గుతుంది, మూల ముడుచుకుని ఉంటే, 88 అనుకోండి, అంకె 46 అవుతుంది. కోణం కొలిచే సాధనం లేదా, పర్లేదు. ఒక పట్టీ ముక్క మూల దాటి బయటికొచ్చేలా ఒక గోడకి ఆన్చి దాని ముందు అంచు వెంట టైల్ మీద అంటించిన టేపు మీద గీత గియ్యండి, రెండో గోడకీ అలాగే గియ్యండి, రెండు గీతలూ కలిసిన చోటుకీ గోడ మూలకీ మధ్య గీత గీస్తే అదే మీ కోత దారి. మూలలో అతికేటప్పుడు కోతలకి చెక్క జిగురు రాసి టేపుతో బిగించి ఉంచండి, ఎవరి కాలో తగిల్తే విచ్చుకోకుండా.

గుమ్మాల దగ్గర ఇంకో రకం తలనొప్పి. ఈ గదిలో టైల్, పక్క గదిలో వేరే ఫ్లోరింగ్, రెంటికీ మధ్య ఒక మెట్టులాగా 8, 10 ఎంఎం తేడా, టైల్ వైపు ఎత్తు, అదే గోడ రెండు వైపులా సాగుతుంది. ఇలాంటిచోట పట్టీ పైఅంచు తెగకుండా పోవాలి, టైల్ మీద ఉన్న భాగానికి మాత్రం అడుగున ఆ 10 ఎంఎం గాడిలా కోసేసి కూర్చోబెట్టాలి. ఆ గాడి మూల నేరుగా టైల్ అంచు మీదకి వస్తే బాగుంటుంది కాబట్టి పట్టీని అక్కడ పెట్టి అంచు దగ్గర గుర్తు పెట్టుకోండి, కొలిచి కొయ్యొద్దు. ఇక గుమ్మం ఫ్రేము చుట్టూ టైల్స్ సరిగ్గా కొయ్యక సందులు మిగిలుంటే పట్టీ వాటిని కప్పలేదు, అక్కడ గ్రౌట్ రంగులో ఉండే సీలెంట్ తప్ప మార్గం లేదు.

బిగించడం. ఇటుక గోడో కాంక్రీటు గోడో అయితే ఉత్త మేకులు నిలవవు. పట్టీకి ముందు రంధ్రాలు వేసి, గోడకి ఆన్చి ఆ రంధ్రాల్లోంచే గుర్తు పెట్టుకుని, 6 ఎంఎం బిట్‌తో గోడకి తొలిచి ప్లగ్గులు దూర్చి స్క్రూలు బిగించాలి. రెండు స్క్రూల మధ్య 40 నించి 60 సెంటీమీటర్లు. స్క్రూ పొడుగు లెక్క ఇలా, పట్టీ 12, గోడ ప్లాస్టర్ ఒక 15, ఆ వెనక ఇటుకలోకి 25, 30 అన్నా పోవాలి, అంటే 50 నించి 60. ప్లగ్గు ప్లాస్టర్‌లోనే ఆగిపోతే నెల తిరక్కుండా ఊగడం మొదలవుతుంది. లోపల చెక్క ఫ్రేము పెట్టి బోర్డు కొట్టిన గోడైతే ఆ ఫ్రేము నిలువు చెక్కలు ఎక్కడున్నాయో వెతుక్కుని వాటిలోకే మేకు దిగాలి, మామూలుగా 40 లేదా 60 సెంటీమీటర్లకోటి ఉంటాయి, చిన్న అయస్కాంతం గోడ మీద జరిపితే లోపల స్క్రూల దగ్గర అతుక్కుంటుంది. ఏ గోడైనా తొలిచే ముందు స్విచ్ బోర్డు నించి కిందకి వైరు వచ్చిందా, పక్కన నీళ్ళ పైపు ఉందా అని ఆలోచించుకోండి.

స్క్రూ అయినా మేకైనా గోడలోకే, నేల వైపు ఏటవాలుగా కొట్టొద్దు, టైల్ అంచు పగుల్తుంది, కింద వేడి చేసే వైర్లు ఉన్న నేలైతే ఇంకా ప్రమాదం. షూ పట్టీ కూడా స్కర్టింగ్‌కే కొట్టాలి, నేలకి కాదు. డ్రిల్లు టైల్‌కి మరీ దగ్గరగా పెట్టి హామర్ మోడ్‌లో అదరగొడితే వదులుగా ఉన్న టైల్ ఊడుతుంది, కనీసం నాలుగైదు సెంటీమీటర్లు పైకి వెయ్యండి.

జిగురుతోనే అతికిస్తా అంటారా, పీవీసీకీ తేలికపాటి పట్టీలకీ సరిపోతుంది, కానీ గోడ మీద సున్నమో పొడి రాలే రంగో ఉంటే జిగురు ఆ రంగుకి అంటుకుంటుంది గోడకి కాదు, మొత్తం పొరతో సహా ఊడొస్తుంది. పట్టీ కూర్చునే ఎత్తు వరకు గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాకే. జిగురు వెనక అలల్లాగా వేసి నొక్కి, గోడ లోపలికి ఒంపు తిరిగిన చోట ఎదుటి గోడ నించి పొడుగు కర్ర అడ్డం పెట్టి ఒక రాత్రి వదిలెయ్యండి.

ఎండీఎఫ్ అయితే టైల్‌కి పూర్తిగా ఆన్చకుండా కింద రెండు ఎంఎం సందు ఉంచండి, పేకముక్కలు కొన్ని దొంతరగా పెట్టి వాటి మీద కూర్చోబెట్టి బిగించాక లాగేస్తే సరి. ఆ సందులో సిలికాన్ వెయ్యండి, తడిగుడ్డ నీళ్ళు లోపలికి పోవు. పట్టీ పైఅంచుకీ గోడకీ మధ్య మాత్రం సిలికాన్ వద్దు, రంగు పట్టే యాక్రిలిక్ సీలెంట్ వాడండి. నేను మొదటి గదిలో పైనా కిందా ఒకటే ట్యూబు, సిలికాన్, కొట్టుకుంటూ పోయా, దాని మీద రంగు నూనె మీద నీళ్ళలా పారిపోయింది, మళ్ళీ బ్లేడు పెట్టి అంతా గీకాల్సొచ్చింది. స్క్రూ గుంటల్లో చెక్క ఫిల్లరు పెట్టి ఆరాక ఉప్పు కాగితం, ఆఖరి కోటు రంగు.

సిలికాన్ వేసేటప్పుడు టైల్ మీద సందుకి రెండు ఎంఎం అవతల, పట్టీ మీద రెండు ఎంఎం పైన టేపు అంటించి, మధ్యలో సిలికాన్ లాగి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒకే ఊపులో చివరిదాకా లాగెయ్యండి, మధ్యలో ఆగితే ఆ చోట ముద్ద పడుతుంది. టేపు వెంటనే, సిలికాన్ పచ్చిగా ఉండగానే, ఏటవాలుగా లాగి తీసెయ్యాలి. ఆరాక తీద్దాం అనుకుంటే దాంతో పాటు సిలికాన్ కూడా దారంలా లేచొస్తుంది. ఆ రోజుకి ఆ గది తుడవకండి.